తోసేసే కోకొం

మా సందులో కోకొం అనే పేరున్న ఆడవాళ్ళు ఇద్దరు. టైలరు పెళ్ళాం ఒకతి, ఆవిడ కుట్టు కోకొం. రెండో ఆవిడ తోసేసే కోకొం. ఈ రెండో పేరు ముద్దుకి పెట్టింది కాదు, ఒళ్ళు మండి పెట్టింది. ఆవిడ సందు మొగలో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని మూకుళ్ళలో సురబి అట్లు పోస్తుంటే, కొనుక్కుని తినేవాళ్ళు కూడా ఊరుకునేవాళ్ళు కాదు. "కొబ్బరిపాలు ఇంకాస్త పొయ్యి కోకొం. వెనక నుంచి మాత్రం తొయ్యకు తల్లీ!" అని పళ్ళికిలించేవాళ్ళు. ఆవిడ అట్లకాడ ఎత్తేది. ఒకరిద్దరికి తగిలింది కూడా.

ఇప్పుడు చెబితే నమ్మరు గానీ, చిన్నప్పుడు ఆ పిల్లకి నోట్లో నాలుకే ఉండేది కాదు. బాండుంగ్‌లో విమానాల ఫ్యాక్టరీ గోడ పక్కనే మా సందు. కోకొం తల్లి జ్వరమొచ్చి పోయింది. తండ్రి రిక్షా తొక్కుకుంటూ ఏ ఊరు పోయాడో పోయాడు, మళ్ళీ మొహం చూపించలేదు. ఇచో అవ్వ ఆ పిల్లని రెక్క పట్టుకుని తీసుకుపోయి తన మిద్దె మీద చాప వేసింది. ఇచో అవ్వంటే మా సందు ఆడపిల్లలందరికీ ఖురాను చదువు చెప్పే మనిషి. పిల్లలు లేని విధవ. కిందంతా వెదురు తడికలు, పైన చెక్క మిద్దె, బయటి నుంచి మెట్లు. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక వెదురు పుల్ల. అక్షరం తప్పితే వేళ్ళ మీద చురుక్కుమనేది. అదే చేత్తో పాఠం అయ్యాక ఇంత అన్నం, వేయించిన తోఫూ ముక్క పెట్టేది.

పాఠం అయ్యాక ప్రతి పిల్లా వంగి అవ్వ కుడిచెయ్యి అందుకుని ముక్కుకి ఆనించుకుని వెళ్ళాలి. అది మా దగ్గర పెద్దవాళ్ళకి చేసే మర్యాద. కోకొం ఆ మర్యాద ఒక్కరోజు తప్పలేదు. పెద్దదై జకార్తా పోయి విమానంలో కాఫీలందించే ఉద్యోగం చేసింది, పెళ్ళి చేసుకుని తిరిగొచ్చింది, అయినా ఊరు దాటేముందు అవ్వ మిద్దె ఎక్కి ఆ చెయ్యి ముక్కుకి ఆనించుకుంటే గానీ కదిలేది కాదు. "నీ చెయ్యి తాకకుండా ఎక్కితే విమానం లేవదు అవ్వా," అనేది. "లేవకపోతే తోయండే అందరూ దిగి!" అని అవ్వ నవ్వేది.

ఇంతలో గోడవతల ఫ్యాక్టరీవాళ్ళు పెద్ద పని మొదలుపెట్టారు. పరాయివాళ్ళ విమానాలకి తలుపులూ తోకలూ చేసిపెట్టడం మానేసి, మన ప్రయాణికుల్ని మన విమానంలోనే తిప్పాలని కొత్త విమానం కట్టారు. కోకొం మొగుడు ఓమన్ అక్కడ రంగుల పనిలో ఉన్నాడు. విమానం లోపలి సిబ్బందికి తర్ఫీదు ఇవ్వడానికి కోకొంని తీసుకున్నారు. మా సందు మొత్తం ఆ విమానాన్ని సొంత ఇంటి పిల్లలా చూసుకునేది.

కట్టడం ఒక ఎత్తు, దాన్ని కొట్టి చూడడం ఇంకో ఎత్తు. ఈ సంగతి మాకు చప్పుళ్ళ వల్లే తెలిసింది. ఒకరోజు రెక్కని తాళ్ళతో పైకి లాగి లాగి విరగ్గొట్టారు. ఆ చప్పుడుకి భూకంపమనుకుని మేమంతా చంటిపిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీద పడ్డాం. ఇంకోరోజు ఫిరంగిలాంటి గొట్టంలో కోళ్ళు పెట్టి ముందు అద్దం మీదికి పేల్చారు. అద్దం నిండా నెత్తురు, ఈకలు. "ఆ కోళ్ళేవో మాకిస్తే కూర వండుకుందుం కదరా, పాపిష్టోళ్ళారా!" అని ఆడవాళ్ళు గోడ ఇవతల నిలబడి తిట్టిపోశారు. చక్రాల బ్రేకులు ఎర్రగా కాలి అంటుకునేదాకా విమానాన్ని పరిగెత్తించి ఆపారు. విరగాల్సిన చోట విరిగింది, ఆగాల్సిన చోట ఆగింది. ఇక మిగిలింది మనుషుల పరీక్ష.

ఆ పరీక్ష ఇది. విమానం నిండా మామూలు జనాన్ని కూర్చోబెడతారు. మూడోవంతు యాభై దాటినవాళ్ళు ఉండాలి, ఆడవాళ్ళు తగినంతమంది ఉండాలి. షెడ్డుకి నల్లగుడ్డలు కట్టి చీకటి చేస్తారు. దారిలో సంచులు, దుప్పట్లు పారేస్తారు. ఉన్న తలుపుల్లో సగమే తెరుచుకుంటాయి, ఏ సగమో సిబ్బందికి కూడా తెలియదు. ఒకటిన్నర నిమిషంలో అందరూ నేలమీద ఉండాలి. లోపలేం జరుగుతుందో జనానికి ముందే చెప్పకూడదు, చెబితే పరీక్ష చెల్లదు.

మొదటిసారి ఎలా జరిగిందో మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. కోకొం మాత్రం నవ్వదు. దీపాలు ఆరాయి, తలుపు తెరుచుకుంది, గాలి నిండిన జారుడుబల్ల ధడేల్మని విచ్చుకుంది. మొదట తలుపు దగ్గరికొచ్చినవాడు రిటైరైన హెడ్మాస్టరు. వెనకే ఒక హాజీ ఉన్నాడని కనిపెట్టి పక్కకి జరిగి, వంగి, "మంగ్గ, మంగ్గ," అన్నాడు. దయచేయండి, మీరే ముందు, అని. హాజీ తక్కువ తిన్నాడా? "అబ్బెబ్బే, మంగ్గ, మీరే," అన్నాడు. వాళ్ళిద్దరూ గుమ్మంలో ఒకరికొకరు వంగుతుంటే వెనక డెబ్భై మంది బుద్ధిగా నిలబడ్డారు. కొందరు చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నారు, జారుడుబల్ల కొత్తది, మురికి చేస్తే బాగుండదని. ఇక మన కోకొం? కాఫీ అందించే గొంతుతో, "మంగ్గ సార్, మెల్లిగా సార్," అంటూ నిలబడింది. గడువు దాటి ఎంతసేపటికో గానీ ఆఖరి మనిషి దిగలేదు.

పరీక్ష చూడటానికి ప్రభుత్వం పంపిన తనిఖీ అధికారి తిగోర్. బతక్ జాతి మనిషి. మేం గుసగుసలాడే మాటని వాళ్ళు సంతలో కేకలా అంటారు. ఆయన చేతి గడియారం బల్లమీద కొట్టినంత పనిచేశాడు.

"ఏమ్మా! ఇది పెళ్ళి విందా? మీ ఊళ్ళో మంట కూడా మంగ్గ అంటే ఆగుతుందా?"

కోకొం తల వంచుకుంది. ఫ్యాక్టరీ పెద్ద కొసాసి గారు తిగోర్ భుజం మీద చెయ్యి వేశాడు. "చూడండి సార్, మన విమానమే, మనవాళ్ళమే. కొద్ది సెకన్లే కదా. కాస్త చూసీ చూడనట్టు..."

"మంట మనవాళ్ళది కాదండీ," అన్నాడు తిగోర్ ఆ చెయ్యి తీసేసి. "రేపు పరాయి దేశాలవాళ్ళు ఈ విమానం కొనాలంటే ముందు నా కాగితం చూస్తారు. నా కాగితం అబద్ధమైతే మీ రెక్క ఎంత గట్టిదైతే ఎవడికి కావాలి? కొత్త జనంతో మళ్ళీ చెయ్యండి. ఒకసారి దిగినవాళ్ళు మళ్ళీ పనికిరారు." వెళ్ళబోతూ కోకొం వైపు తిరిగాడు. "నువ్వు కేకెయ్యాలి. తొయ్యాలి. కాలితో తన్నాల్సొస్తే తన్నాలి. చేతకాకపోతే చెప్పు, ఇంకొకర్ని పెడతారు."

తల కొట్టేసినట్టయింది కోకొంకి. ఇంకొకర్ని పెట్టడమా! ఆ రాత్రి మంచం మీద కూర్చున్న ఓమన్‌ని లేపింది. "నా ముందు నిలబడు. దిగనని మొరాయించు." ఓమన్ నవ్వుతూ నిలబడ్డాడు. వీపు మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. ఆయన గోడకి కొట్టుకుని ముక్కు పగలగొట్టుకున్నాడు. "చంపేస్తావే!" అని అరిచాడు. "దూకు! ఆలోచించకు! దూకు!" అని ఆవిడ అరిచింది. పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు, మొగుడూ పెళ్ళాం తన్నుకుంటున్నారని. నెలల తరబడి అదే వరస. సిబ్బంది ఆడపిల్లల్ని ఒకరినొకరు తోయమంది. సిగ్గుపడినదాని చెంప పగలగొట్టింది. మోచేతులు కమిలిపోయి, గొంతులు బొంగురుపోయి, ఆ పిల్లలు ఇళ్ళకి ఏడుస్తూ పోయేవాళ్ళు. కోకొం మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు తన అరచెయ్యి తనే చూసుకునేది.

రెండో పరీక్ష దగ్గరపడింది. ఒక సాయంత్రం కోకొం ఇచో అవ్వ ఇంటి ముందు నుంచి పోతుంటే, మిద్దె మీద ముసలమ్మలంతా పసుప్పచ్చ టీషర్టులు తమ కబాయి రవికల మీదే తొడుక్కుని చూసుకుంటూ ఇకిలిస్తున్నారు. పరీక్షకని ఫ్యాక్టరీవాళ్ళు పంచినవే! పెద్ద వయసు ఆడవాళ్ళు కావాల్సొచ్చి నేరుగా అవ్వ దగ్గరికే వచ్చారు. ఆవిడ తలూపితే శుక్రవారం చదువులకొచ్చే ఆడవాళ్ళంతా కదులుతారని వాళ్ళకి తెలుసు.

కోకొం పరుగున కొసాసి గారి దగ్గరికి పోయింది. "ఆవిడని తీసెయ్యండి సార్, మోకాళ్ళు బాగాలేవు." ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఆవిడని తీసేస్తే మిగతావాళ్ళు ఉంటారా కోకొం? డాక్టరు చూశాడు, సరే అన్నాడు. నువ్వు నిశ్చింతగా ఉండు."

ఇక మిగిలింది అవ్వకే చెప్పడం. చెయ్యి ముక్కుకి ఆనించుకుని ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, ఆ షెడ్డులో చలెక్కువ."

"శాలువా కప్పుకుంటాలే."

"ఎత్తు మెట్లు ఎక్కాలి అవ్వా."

"ఈ మిద్దె రోజూ ఎవరెక్కుతున్నారే, నీ అత్తగారా?"

"గోలగోలగా ఉంటుంది."

"ఇంతమంది ఆడపిల్లల్తో వేగేదాన్ని. నన్ను గోలతో బెదిరిస్తావా?" అవ్వ పుల్లతో కోకొం మోకాలు మీద మెల్లగా తట్టింది. "నువ్వు చేసే విమానం కదే పిచ్చిదానా. నేనెక్కకపోతే ఇంకెవరెక్కుతారు?"

ఇంకో ఊరి మనిషైతే, రావద్దు, ఎముకలు విరుగుతాయి, అని మొహం మీదే చెప్పేది. పరీక్ష రహస్యం చెప్పక్కర్లేదు, ఆ ఒక్క ముక్క చాలు. మా వాళ్ళకి పెద్దవాళ్ళ ముందు 'వద్దు' అనే మాట గొంతు దాటదు. చలి అంటాం, మెట్లంటాం, ఎండంటాం. వినేవాళ్ళే గ్రహించుకోవాలి. అవ్వ గ్రహించుకోలేదు. కోకొం ఆ చెయ్యి మళ్ళీ ముక్కుకి ఆనించుకుని లేచొచ్చేసింది. ఎంత తెలివితక్కువతనం!

పరీక్షనాడు పట్టపగలే షెడ్డంతా కాటుక చీకటి. జనం నవ్వుకుంటూ, తినుబండారాల పొట్లాలు పట్టుకుని ఎక్కారు. చంటిపిల్లలకి బదులు ముగ్గురు ఆడవాళ్ళకి బొమ్మలిచ్చారు. కోకొం ముందు తలుపు దగ్గర చిన్న సీట్లో బెల్టు బిగించుకుని కూర్చుంది. అవ్వ ఎక్కడ కూర్చుందో చూడకూడదనుకుంది. చూసింది. నడుమలో, దారి పక్కన, ఒళ్ళో శాలువాతో.

దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఎవరో కెవ్వుమన్నారు. కోకొం లేచి తలుపు పిడి లాగింది, తెరుచుకుంది. బయట జారుడుబల్ల పేలినట్టు విచ్చుకుంది.

"ఇటు! దూకండి! దూకు!"

ఆ గొంతు తనదేనా అనిపించింది ఆవిడకే. మొదటివాడిని చొక్కా పట్టి బయటికి విసిరింది. రెండోదాన్ని, మూడోవాడిని. చీకట్లో జనం గొడ్లలా మీద పడ్డారు. సంచి తట్టుకుని ఒకాయన బోర్లా పడితే ఆయన వీపు మీంచి నలుగురు తొక్కుకుంటూ వచ్చారు. ఎవడో సీట్ల మీంచి గెంతుతూ ఒకావిడ దవడ మీద కాలేశాడు, ఆవిడ వాడి పిక్క కొరికింది. బొమ్మ ఒకటి కాళ్ళకింద నలిగి తల ఊడి దొర్లింది. గుమ్మంలో ఒక కుర్రాడు కిందికి చూసి బిగుసుకుపోయాడు. కోకొం వాడి చెంప ఛెళ్ళుమనిపించి, కాలరు పట్టి, పిర్ర మీద తన్ని పంపింది. ఎవరి మోచెయ్యో మొహానికి తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి, నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. "దూకు! ఆలోచించకు! దూకు!"

అప్పుడు రెండు చేతులు గుమ్మం అటూ ఇటూ గట్టిగా పట్టుకున్నాయి. కర్పూరం నూనె వాసన. కోకొంకి మొహం కనబడక్కర్లేదు.

"ఆగవే పిల్లా," అంది అవ్వ. "కాస్త కట్టుగుడ్డ సర్దుకోనీ."

వెనక ఆడవాళ్ళంతా ఠక్కున ఆగిపోయారు. అంత తోపులాటలోనూ ఆగారు! "మంగ్గ అవ్వా, మెల్లిగా," అన్నారు. వాళ్ళ వెనక మొత్తం విమానం ఆగింది.

కోకొం నాలుక మీదికి ఆ మాట వచ్చింది. మంగ్గ అవ్వా. పళ్ళ దాకా వచ్చింది. మింగేసింది. అరచెయ్యి అంచుతో అవ్వ మణికట్టు మీద కొట్టింది, ఒకటి, రెండోది కూడా. పట్టు వదిలింది. మోకాలు నడుముకి ఆనించి బలమంతా పెట్టి తోసింది. అవ్వ పక్కవాటుగా పడింది. ఆవిడ పూర్తిగా జారకముందే రెండో ఆవిడని తోసింది కోకొం, ఆ మనిషి పోయి అవ్వ మీద పడింది. కింద నుంచి కట్టెపుల్ల విరిగిన చప్పుడొకటి, ఒక అరుపు వినిపించాయి. కోకొం విన్నది. విని కూడా ఆగలేదు. మూడో ఆవిడని తలగుడ్డ పట్టి లాగింది, నాలుగో ఆవిడ వీపు మీద దబ్బున చరిచింది. "దూకు! దూకు! దూకు!" లోపల ఖాళీ అయిందని తడిమి చూసుకుని ఆఖర్న తనూ దూకింది.

దీపాలు వెలిగాయి. తిగోర్ గడియారం పైకెత్తి చూపించాడు. గడువు లోపలే! కొసాసి గారు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. పనివాళ్ళు టోపీలు ఎగరేశారు. నేల మీద అక్కడక్కడా నెత్తురు చుక్కలు, తెగిన చెప్పులు, ముక్కులు పట్టుకుని కూర్చున్న మనుషులు.

జారుడుబల్ల పక్కన అవ్వని స్ట్రెచరు మీదికి ఎక్కిస్తున్నారు. మొహం తెల్లగా పాలిపోయింది. కోకొం మోకాళ్ళ మీద కూలబడి ఆ కుడిచెయ్యి అందుకోబోయింది. అవ్వ చెయ్యి శాలువా కిందికి లాక్కుంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది.

"నేనవ్వా. కోకొంని."

"నేను పెంచిన కోకొం పెద్దవాళ్ళ మీద చెయ్యెత్తదు. నువ్వెవరో నాకు తెలీదు."

తిగోర్ పక్కనే నిలబడి విన్నాడు.

అవ్వ ఆపరేషనుకి ఒప్పుకోలేదు. కోతలూ కుట్లూ వద్దని చిమాందె నూనె రాసి ఎముకలు కట్టే నాటువైద్యుడి దగ్గరికే పోయింది. వాడు తుంటి తోమి తోమి కట్టాడు, ఎముక వంకరగా అతుక్కుంది. వెదురు పుల్ల చోట చేతికర్ర వచ్చింది. పిల్లలు చెరో పక్కా పట్టి పొద్దున్నే మిద్దె ఎక్కిస్తే సాయంత్రం దాకా దిగేది కాదు.

మన ప్రభుత్వం కాగితం వచ్చింది. పరాయి దేశాల కాగితాల కోసం ఎదురుచూస్తుండగానే రూపియా కుప్పకూలింది. దేశానికి అప్పులిచ్చేవాళ్ళు విమానం మీద ఒక్క పైసా పెట్టొద్దన్నారు. ఫ్యాక్టరీలో వేలమందిని ఇంటికి పంపారు, ఓమన్‌నీ కోకొంనీ కూడా. విమానాన్ని గడ్డిలో నిలబెట్టి వదిలేశారు. అందులోంచి దూకి దిగినవాళ్ళు మా సందు నిండా ఉన్నారు గానీ, అందులో ఎక్కి ఎక్కడికైనా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.

అప్పుడు మొదలయ్యాయి కోకొం పాట్లు. ఉద్యోగాలు పోయిన కడుపుమంట ఎవరి మీద చూపించాలో తెలియక జనం ఆవిడ మీద చూపించారు. పంపు దగ్గర కుట్టు కోకొం అందరి ముందూ అడిగేసింది. "అవ్వ తుంటి విరగ్గొట్టి ఏం సాధించావే? ఏదీ నీ విమానం, ఎగిరిందా?" కోకొం బిందె దాని నెత్తిన వేసింది. ఇద్దరూ జుట్లు పట్టుకుని బురదలో దొర్లారు. విడదీయడానికొచ్చిన ఓమన్‌కి మళ్ళీ ముక్కు పగిలింది. ఆ రోజు నుంచే ఆవిడ తోసేసే కోకొం అయింది.

ఉపవాసాల నెల ముగిసి లెబరాన్ పండగొస్తే మా దగ్గర అందరూ పెద్దవాళ్ళ చెయ్యి అందుకుని, ఏడాది పొడుగునా చేసిన తప్పులు మన్నించమని అడుగుతారు. కోకొం ఏటా అవ్వ మిద్దె ముందు వరసలో నిలబడేది. అవ్వ ముందున్నవాళ్ళకి చెయ్యిచ్చేది, కోకొం రాగానే శాలువా కిందికి లాక్కునేది, వెనకవాళ్ళకి మళ్ళీ చాచేది. కోకొం ఖాళీ చేతుల్తో మెట్లు దిగి వచ్చి మూకుళ్ళు కడుక్కునేది. "ఎందుకే వెళ్తావు, సిగ్గులేదా?" అని ఓమన్ తిట్టేవాడు. "చెయ్యి ఇచ్చేదాకా వెళ్తా. నీకేం?" అనేది.

ఒక ఎండాకాలం బావులు అడుగంటాయి. మధ్యాహ్నం పాఠం నడుస్తోంది. అవ్వ పక్కింట్లో తోఫూ వేయించేవాళ్ళ కిరసనాయిలు పొయ్యి పేలింది. వెదురు తడికలు, ఎండిన చెక్క, అంటుకోవడానికి ఎంతసేపు? కోకొం అట్లు కుంపటి మీదే వదిలేసి పరిగెత్తింది. వచ్చేసరికి కింది తడికలు భగభగమంటున్నాయి, మెట్ల అడుగు రాజుకుంది. పైన గుమ్మంలో ఆడపిల్లలు గుంపుగా నిలబడి ఏడుస్తున్నారు. ఒక్కతీ దిగదే!

"దిగండే!" అని జనం అరిచారు.

"అవ్వ దిగలేదు!" అని పెద్దపిల్ల లోపలికి తిరిగి వంగింది. పొగలో దగ్గుతూనే, "మంగ్గ అవ్వా, మీరు ముందు," అంటోంది. దాని వెనక అందరూ పక్కకి జరిగి దారి ఇచ్చి నిలబడ్డారు. అగ్గి మధ్యలో!

లోపలి నుంచి చేతికర్ర గాల్లోకి లేచింది. పెద్దపిల్ల వీపు మీద ఫెడేల్మంది.

"దూకు! ఆలోచించకు! దూకండే దరిద్రుల్లారా!"

అవి ఎవరి మాటలో కింద ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అందరూ కోకొం మొహం చూశారు. అవ్వ నేల మీద చతికిలబడి, కర్రతో పిల్లల కాళ్ళ మీద, పిర్రల మీద, నడుముల మీద బాదుతోంది. కదలనిదాన్ని కర్ర మొనతో పొడిచి తోస్తోంది. పిల్లలు కెవ్వున అరుస్తూ కిందికి రాలారు. కోకొం, ఓమన్, దొరికినవాళ్ళు అందరూ అంగడి టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డారు. ఒకదానికి పన్ను ఊడింది, ఒకదానికి మోచెయ్యి తొలిగింది. అయినా అందరూ నేల మీద పడ్డారు, బతికి.

అవ్వ మాత్రం కదలలేదు. ఆ తుంటితో ఎక్కడ కదులుతుంది? కర్ర పక్కన పెట్టి, శాలువా తలమీదికి లాక్కుని కూర్చుంది.

కోకొం మెట్లెక్కింది. కింద మూడు మెట్లు అప్పటికే మండుతున్నాయి, అరికాళ్ళు చురుక్కుమన్నాయి. "రాకే!" అని అవ్వ కర్ర విసిరింది. నుదురు చిట్లి నెత్తురు కళ్ళలోకి కారింది. కోకొం ఆగలేదు. చంకల కింద చేతులేసి బరబరా ఈడ్చుకొచ్చి గుమ్మంలో నిలబెట్టింది. వెనక మెట్లు కూలిపోయాయి. కింద టార్పాలిన్ ఎక్కడో అడుగున కనబడింది. ఇక దూకడమే.

అవ్వ చేతులు అలవాటుగా గుమ్మం అటూ ఇటూ పట్టుకున్నాయి.

కోకొం అరచెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంత జరిగాక, మళ్ళీనా? ఈ చేత్తోనేనా? కళ్ళలో నెత్తురో నీళ్ళో తెలియకుండా నిలబడిపోయింది. పైకప్పు పెంకులు టపటపా పేలుతున్నాయి.

అవ్వ తల తిప్పి చూసింది. గుమ్మం మీంచి చేతులు తనంతట తనే తీసేసి గుండెల మీద పెట్టుకుంది.

"ఏం చూస్తున్నావే?" అని అరిచింది. "తొయ్!"

కోకొం తోసింది. వెనకే తనూ దూకింది.

బూడిద రాలుతున్న రోడ్డు మీద అవ్వని పడుకోబెట్టారు. జుట్టు కాలిన వాసన. మొహమంతా మసి. పిల్లలు చుట్టూ మూగి వెక్కుతున్నారు, వాళ్ళ కాళ్ళ మీద కర్ర దెబ్బలు ఎర్రగా తేలాయి. కోకొం పాక్కుంటూ వచ్చి కూర్చుంది గానీ చెయ్యి చాచలేదు. తన చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది.

అవ్వ కళ్ళు తెరిచి మూలిగింది. "ఈసారి ఏది విరగ్గొట్టావే?"

"చెయ్యి అవ్వా," అంది కోకొం.

"ఏ చెయ్యి?"

"ఎడమది."

"మరింకేం? కుడిది బాగానే ఉందిగా," అని అవ్వ ఆ మసి చెయ్యి కోకొం ముక్కు దగ్గరికి చాచింది.